బేసు గిటారు తీగలలో హెచ్చుతగ్గులు



హార్మోనియము, డోలకు, తాళములు మాత్రమే యుండిన మన పల్లె మేళములలో నేడు బేసు గిటారు కూడ చేరినది. చర్చి పాటలయందును, భజనలయందును, పెండ్లి పందిళ్లయందును దానిని వినుచున్నాము. చందాలు వేసి దానిని కొనువారు పెద్దలు, వాయించువారు పిల్లలు. కొన్న యేడాదికో రెండేండ్లకో ఒక చిక్కు వచ్చును. నాలుగు తీగలలో మూడు నిండుగా పలుకుచుండగా ఒకటి మూలుగుచుండును. లేదా రెండు గర్జించుచుండగా రెండు గొణుగుచుండును. అప్పుడు పంచాయతి మొదలగును. పిల్లవానికి చేయి తిరుగలేదని కొందఱందురు. వాద్యమే చెడ్డదని మఱికొందఱందురు. అంగడివాడు క్రొత్తది కొనుమనును. ఈ మూడు మాటలలో దేనిని నమ్ముటకైనను ముందు చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. వానిలో పెక్కింటికి కానీ ఖర్చు లేదు. చెవియు, ఓపికయు నున్న చాలును. ఆ పరీక్షలను గూర్చియే నేటి ప్రసంగము.

నేను బొల్లారములో తంత్రీవాద్యములను బాగుచేయు పనిలో నున్నవాడను. బొల్లారమనగా పటాన్‌చెరువు ప్రక్కనున్న కర్మాగారముల బొల్లారము కాదు. సికింద్రాబాదు కంటోన్మెంటులోని పాత బొల్లారము. 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చియు, రాష్ట్రపతి నిలయమును ఉన్న చోటు. దండులున్న చోట బ్యాండులుండును. చర్చిలున్న చోట పాట కట్టు బృందములుండును. అందుచేత మా వైపు వాద్యములకు కొఱత లేదు, వాని రోగములకును కొఱత లేదు. మేడ్చలు వైపు పల్లెలనుండి గిటారును చంకబెట్టుకొని రైలు దిగి వచ్చువారు చెప్పు ఫిర్యాదులలో నేను మిక్కిలి తఱచుగా వినునది యిదియే: "అయ్యా, ఈ తీగ ఒక్కటి పలుకుట లేదు."

వీణ నెఱిగినవారికి బేసు గిటారును వర్ణించి చెప్పుట సులభము. వీణమీద వాయించు తంత్రులు నాలుగు: సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము. దీనికిని సాధారణముగా నాలుగే. వీణకు మెట్లున్నట్లే దీనికిని మెట్లున్నవి. వీణ మెట్లను మైనము మీద నిలిపి మేళము కట్టుదురు, దీని మెట్లను కఱ్ఱలో దిగగొట్టుదురు. తీగలు ఆనుకొను గుఱ్ఱమును, తీగలను బిగించు బిరడలును రెండింటికిని కలవు. భేదమంతయు పొట్టలో నున్నది. బొబ్బిలివారు పనసకఱ్ఱను తొలిచి వీణకు కుండ చేయుదురు. తీగ కదలిక గుఱ్ఱము ద్వారా ఆ కుండకెక్కి గాలిని కదలించును, సభ వినును. బేసు గిటారుకు కుండ లేదు. దాని యొడలు గట్టి చెక్క. విద్యుత్తు లేక వాయించినచో ప్రక్కన కూర్చున్నవానికి తప్ప మఱియొకరికి వినబడదు.

మఱి ఆ ధ్వని యెక్కడినుండి వచ్చును? తీగల క్రింద నల్లని చిన్న పెట్టె యొకటి యుండును. వాడుకలో దానిని పికప్పు అందురు. దానిలో అయస్కాంతపు మొనలును, వాని చుట్టును వెండ్రుకవంటి సన్నని రాగితీగను వేల చుట్లుగా చుట్టిన చుట్టయు నుండును. ఉక్కుతీగ ఆ మొనల మీద ఊగినప్పుడు రాగిచుట్టలో రవంత విద్యుత్తు పుట్టును. 1831లో ఇంగ్లండు దేశమున మైకేల్ ఫారడే కనుగొన్న ధర్మమిదియే. మన పొలములోని మోటారుకు కరెంటును పుట్టించు పెద్ద జనరేటరును ఈ ధర్మము చేతనే నడచుచున్నది. పికప్పులో పుట్టిన ఆ రవంత విద్యుత్తు వైరు వెంట ఆంప్లిఫయరుకు పోయి, అక్కడ బలిసి, స్పీకరులో ధ్వనిగా మాఱును. కాబట్టి ఈ వాద్యములో పికప్పు తీగను "వినుట" లేదు. తీగలోని ఉక్కు తన మొనకు ఎంత దగ్గఱగా, ఎంత పెద్దగా కదలినదో దానినే కనిపెట్టుచున్నది. నేను చెప్పబోవు విషయములో సగము ఈ ఒక్క వాక్యమునుండియే పుట్టును.

ఈ వాద్యము వయస్సు పెద్దది కాదు. అమెరికాలో సియాటిల్ నగరమునకు చెందిన పాల్ టట్‌మార్క్ 1930 దశకముననే ఇట్టిదానిని చేసెను గాని అది వ్యాపింపలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అమ్మకమునకు తెచ్చిన ప్రెసిషన్ బేసు లోకమంతట పాకినది. అంతకు ముందు మందస్వరములకు నిలువెత్తు డబుల్ బేసును మోసికొని తిరుగవలసి యుండెను. దానికి మెట్లు లేవు గనుక స్వరస్థానము వ్రేలికి తెలియవలసినదే. ఫెండరు వాద్యమునకు మెట్లుండుట చేత స్వరము తప్పదు. ప్రెసిషన్ అను పేరునకు కచ్చితత్వమని యర్థము. మొదట ఒక్కొక్క తీగ క్రింద ఒక్కొక్క అయస్కాంతపు మొన మాత్రమే యుండెడిది. 1957లో ఆ పికప్పును రెండు ముక్కలుగా చేసి, లావు తీగలు రెండింటికి ఒక ముక్కయు, సన్న తీగలు రెండింటికి ఒక ముక్కయు నేర్పఱచిరి. ప్రతి తీగకును అటునొకటి యిటునొకటి రెండేసి మొనలు. నేడు మన యూళ్లకు వచ్చు చవుక గిటారులలో అనేకము ఈ రెండుముక్కల నమూనాకు నకళ్లే. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు, ముందు పనికివచ్చును.

ఇక పరీక్షకు వత్తము. వైద్యుడు నాడి చూచిన తరువాతనే మందిచ్చును. ఇక్కడ నాడి యేమనగా, ఏ తీగ, ఏ చోట, ఏ స్థితిలో బలహీనపడుచున్నది యనునది. మొదట వైరు ఊడదీయుడు. వాద్యమును ఒడిలో పెట్టుకొని, చెవిని చెక్క కానించి, నాలుగు తీగలను ఒకే చోట, ఒకే బొటనవ్రేలితో, ఒకే బలముతో మీటుడు. చెక్క ద్వారా వినునప్పుడు నాలుగును ఇంచుమించు సమానముగా మ్రోగి, వైరు తగిలించిన తరువాత మాత్రము ఒకటి తగ్గినచో, దోషము తీగలో లేదు, చేతిలోను లేదు. పికప్పు వైపు ఉన్నది. వైరు లేకున్నను ఆ తీగ మొద్దుగానే పలికినచో, దోషము తీగలోనో, అది ఆనుకొను చోట్లలోనో యున్నది. ఒక్క నిమిషములో సగము సందేహము తీఱినది. ఈ పరీక్ష చేయకుండ స్క్రూడ్రైవరు పట్టువానికి మీ వాద్యమును ఇయ్యకుడు.

తరువాత దోషము యొక్క ఆకారమును చూడవలెను. ఒక తీగ మొదటినుండి చివరి వఱకు అన్ని మెట్ల మీదను మెల్లగానే యున్నదా? ఏమియు నొక్కకుండ మీటినప్పుడు మాత్రము మొద్దుగా నుండి, మెట్టు నొక్కినంతనే చక్కగా పలుకుచున్నదా? ఏదో ఒక్క మెట్టు మీద మాత్రము స్వరము పుట్టగానే చచ్చుచున్నదా? ప్రక్కప్రక్కనున్న రెండు తీగలు జంటగా తగ్గినవా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు నాలుగు వేర్వేఱు రోగములను చూపును. నొక్కనప్పుడు మాత్రమే మొద్దయినచో బిరడల దగ్గఱ గాడుల పట్టెను, అనగా వీణకు మేరువనునట్టి దానిని చూడుడు. గాడి వెడల్పై తీగ అందులో ఆడుచుండవచ్చును. లేదా గాడి మిక్కిలి లోతై తీగ మొదటి మెట్టును తాకుచుండవచ్చును. ఇది చిన్న పని. చేయి తిరిగినవాడు గంటలో చేయును.

ఇక తీగల సంగతి. ఇది సామాన్యముగా అందఱును మఱచునది. బేసు తీగ నడుమ ఉక్కు పోగు, దాని చుట్టును మఱియొక తీగ చుట్టి యుండును. వాడుకలోనున్న జోడులలో సన్నతీగ మందము అంగుళములో వెయ్యింట 45 వంతులు, తరువాతివి 65, 85, 105 వంతులు. ఒక జోడులోని నాలుగును ఒకదానికొకటి తూచి చేసినవి. ఒకటి తెగినదని వేఱొక జోడులోని దానిని తెచ్చి వేసినచో, ఎడ్లబండికి ఒక ఎద్దును, ఒక దున్నను కట్టినట్లుండును. అంతకన్న చెడ్డ సంగతి మఱియొకటి కలదు. కంచు చుట్టిన తీగలు కొన్ని దొరకును. అవి పొట్ట డొల్లగానుండు గిటారుకు ఉద్దేశించినవి. అయస్కాంతము కంచును గుర్తింపదు. నడుమనున్న ఉక్కు పోగును మాత్రమే గుర్తించును. చూపునకు లావుగా నున్న తీగ పికప్పు లెక్కలో సన్నమైపోవును. చెక్క కానించిన చెవికి గట్టిగా వినబడి, స్పీకరులో నీరసించును. ఇట్టి తీగను పికప్పు తప్పని యెంచి, పికప్పును మార్చినవారు కలరు.

చెమటయు మురికియు చుట్ల నడుమ చేరిన తీగ మొద్దువాఱును. నాలుగింటిని ఒకే నాడు వేసియుండినచో నాలుగును కలిసి ముసలివగును గనుక హెచ్చుతగ్గులు తెలియవు. నడుమ ఒక్కదానిని మార్చినప్పుడు క్రొత్తది అరచును, పాతవి వెనుకబడును. క్రొత్త జోడునకు డబ్బు లేనిచో పాత తీగలను విప్పి, చుట్టలుగా చుట్టి, పది నిమిషములు నీటిలో మరిగించి, తుడిచి ఆరబెట్టి వేయవచ్చును. కొన్ని దినములపాటు వాని గొంతు మరల విచ్చుకొనును. ఇది చికిత్స కాదు, పరీక్ష మాత్రమే. మరిగించిన తరువాత తీగ కోలుకొన్నచో దోషము తీగదేయని తేలినది గనుక అప్పుడు ధైర్యముగా జోడు కొనవచ్చును. లావు తీగను కత్తిరించునప్పుడు ముందుగా కొస వంచి, వంపునకు అవతల కత్తిరింపవలెను. లేనిచో చుట్టు లోపల సడలి, క్రొత్త తీగయే పుట్టుమూగ యగును.

ఇప్పుడు నేను ముఖ్యమని తలచు విషయమునకు వచ్చితిని. వైరు లేనప్పుడు సమానముగా నుండి, వైరు తగిలించినప్పుడు తేడా వచ్చు వాద్యములలో దోషము తఱచుగా ఎడములోనే యుండును, అనగా తీగకును అయస్కాంతపు మొనకును నడుమనున్న దూరములో. పొయ్యికి జానెడు దూరమున నున్న చేతికిని, మూరెడు దూరమున నున్న చేతికిని తగులు వేడిమిలో భేదమెంత యున్నదో చూడుడు. ఇక్కడ ఆ భేదము వచ్చుటకు మూరలు, జానలు అక్కఱలేదు. ఒక మిల్లీమీటరు చాలును. మఱియు మెట్లున్న పలక ఒక పిసరు గుండ్రముగా వంపు తిరిగి యుండుట చేత, నడిమి తీగలు రెండును ప్రక్క తీగలకన్న ఎత్తున నిలుచును. పికప్పు పైభాగము మాత్రము అనేక వాద్యములలో చదునుగా నుండును. ఆ కారణముచేతనే నడిమి తీగలు కొన్ని గిటారులలో పుట్టుకతోనే వెనుకబడుచుండును.

కొలుచు విధమును వినుడు. వాద్యపు ఒడలికి దగ్గఱగా నున్న చివరి మెట్టు మీద తీగను వ్రేలితో నొక్కి పట్టుడు. అప్పుడు తీగ యడుగునకును, మొన పైభాగమునకును నడుమ ఎడమును కొలువుడు. లావు తీగ క్రింద సుమారు 2.8 మిల్లీమీటర్లు, సన్నతీగ క్రింద సుమారు 2 మిల్లీమీటర్లు ఉన్నచో ఆరంభమునకు సరియైన కొలత. బడిపిల్లల ప్లాస్టిక్ స్కేలు చాలును. ఇనుప స్కేలు వలదు. అయస్కాంతము దానిని లాగి మీ కొలతను తప్పించును. రూపాయి బిళ్లయు అంతే. కొలిచిన తరువాత పికప్పు మూలలనున్న స్క్రూలను త్రిప్పవలెను. ఈ రెండుముక్కల రకములో స్క్రూను కుడివైపునకు త్రిప్పిన పికప్పు దిగును, ఎడమవైపునకు త్రిప్పిన లేచును. ఒకసారి సగము చుట్టునకు మించి త్రిప్పకుడు. త్రిప్పిన ప్రతిసారియు నాలుగు తీగలను మీటి వినుడు, వినిన తరువాతనే మరల త్రిప్పుడు. రెండు స్క్రూలను ఒకేసారి త్రిప్పువానికి ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో తెలియదు.

సాధారణముగా అందఱును మెల్లగానున్న తీగ వైపు పికప్పును పైకి లేపుదురు. నేను అందుకు విరుద్ధముగా, గట్టిగా అరచు తీగ వైపు ముందు దింపుదును. కారణము కలదు. అయస్కాంతము మిక్కిలి దగ్గఱకు వచ్చినచో తీగను తనవైపునకు లాగి పట్టును. తీగ స్వేచ్ఛగా ఊగలేదు. స్వరము రెండు గొంతులతో పలికినట్లు అలలాడును, శ్రుతి కుదురదు, త్వరగా అణగిపోవును. బలము కొఱకు లేపి, నాదమును పోగొట్టుకొందుము. అన్నిటిని కొంచెము దింపి సమానము చేసికొన్న పిదప తగ్గిన మొత్తమును ఆంప్లిఫయరు మరతో పెంచుకొనవచ్చును. దానికి ఖర్చేమియు లేదు గదా.

ఈ విషయమున నేను కండ్లార చూచిన ఉదాహరణము చెప్పెదను. మేడ్చలు వైపు ఒక పల్లె చర్చినుండి ముగ్గురు పెద్దలు ఒక గిటారును తెచ్చిరి. వారితో పదునాఱేండ్ల పిల్లవాడొకడు వచ్చి గుమ్మము దగ్గఱనే నిలిచియుండెను. సన్న తీగలు రెండును యేడాదినుండి వినబడుట లేదట. పిల్లవానికి కుడిచేతి వ్రేళ్లలో బలము లేదని పాటల మేస్త్రి తీర్మానించి, క్రిస్మసునకు వేఱొకనిని కూర్చుండబెట్టవలెనని నిశ్చయించిరి. ఒక అంగడివాడు ఈ గిటారు పనికిరాదని చెప్పుట చేత క్రొత్తదానికి చందా పుస్తకము కూడ వ్రాయ మొదలిడిరి. నేను వైరు ఊడదీసి పిల్లవానినే వాయింపుమంటిని. చెక్క కానించి వింటిని. నాలుగును సమానముగా నున్నవి. వ్రేళ్లలో బలము లేని మాట అక్కడనే పోయినది. వైరు తగిలించితిమి, సన్న తీగలు రెండును జంటగా పడిపోయినవి. జంటగా తగ్గినవనగా ఆ రెండింటికి నేర్పడిన పికప్పు ముక్కను చూడవలెను. చూడగా అది తన గూటిలో దిగబడి యున్నది. స్క్రూలు మాత్రము ఎత్తుగా నిలిచి, త్రిప్పినకొలది ఊరక తిరుగుచున్నవి. ముక్కను పైకి త్రోయుటకు అడుగున స్పాంజి పెట్టుదురు. ఆ స్పాంజి కాలక్రమమున ఎండి, అప్పడమువలె అణగి, పొడియై పోయినది. స్క్రూ పికప్పును క్రిందికి మాత్రమే పట్టగలదు; పైకి త్రోయవలసినది స్పాంజి. ఈ సంగతి తెలియక ఎన్ని చుట్లు త్రిప్పినను ఫలము లేదు.

నేను ఆ ముక్క అంచును గోటితో పైకెత్తి పట్టితిని; పిల్లవాడు మీటెను. రెండు తీగలును స్పీకరులో లేచి వచ్చినవి. ముగ్గురు పెద్దలును ఒక్కసారి వానివైపు చూచిరి. పాత హవాయి చెప్పునుండి వ్రేలి వెడల్పు గల రబ్బరు ముక్కలు రెండు కోసి, ముక్క క్రింద పెట్టి, స్క్రూలు బిగించి, కొలత సరిచేసితిని. పట్టిన కాలము పావుగంట. చందా పుస్తకమును ఏమి చేసిరో నేనడుగలేదు.

గోటితో ఎత్తినను ఆ జంట లేవనిచో రాగిచుట్టలోనో, వైర్ల అతుకులోనో దోషమున్నది. రెండు ముక్కలును ఒకదాని వెనుక నొకటి గొలుసుగా కలుపబడి యుండును. ఆ గొలుసులో ఎక్కడైనను వైరు తెగినచో వాద్యమంతయు మూగవోవును. అట్లుగాక ఒక ముక్క రెండు కొసలును ఒకదానికొకటి తాకి కలిసినచో, అనగా షార్టు అయినచో, ఆ ముక్క మీది రెండు తీగలు మాత్రమే క్షీణించును. దీనిని పరీక్షింప మీ యూరి మోటారు వైండింగు మేస్త్రి చాలును. అతనియొద్ద మల్టీమీటరును, టంకము వేయు సలాకయు నుండును. గిటారు స్వర మరను పూర్తిగా హెచ్చించి, వైరు ఊడదీసి, ఒక్కొక్క ముక్కను కొలువుమనుడు. రెండు లెక్కలును ఇంచుమించు సమానముగా నుండవలెను. ఒకటి సున్నకు దగ్గఱపడినచో రోగము దొరికినది. అయితే మోటారు తీగకు అలవాటుపడిన చేయి పికప్పు తీగకు పనికిరాదు. చుట్టను విప్పనీయకుడు, పై అతుకులను మాత్రమే చూడుమనుడు.

పికప్పులలో వేఱొక జాతి కలదు. అది అయస్కాంతము కాదు. గుఱ్ఱము క్రింద పఱచిన సన్నని బద్ద. తీగ ఒత్తిడిలోని మార్పును విద్యుత్తుగా మార్చును. పొట్ట డొల్లగానుండు గిటారులకు దానిని పెట్టుదురు. వీణకు తగిలించు కాంటాక్టు మైకులును దీనికి బంధువులే. దానిలో హెచ్చుతగ్గులు వచ్చినచో మరలు త్రిప్పి ప్రయోజనము లేదు. గుఱ్ఱపు బద్ద అడుగు చదునుగా లేదు, లేదా గాడిలో కఱ్ఱపొట్టో, ధూళియో చేరినది. తీగలు సడలించి, బద్దను తీసి, గాడిని తుడిచి, అద్దము మీద పఱచిన గరుకుకాగితముపై బద్ద అడుగును రుద్ది చదును చేయవలెను. నెమ్మదిగా రుద్దవలెను, ఎక్కువ రుద్దినచో తీగలు దిగి మెట్లను తాకును.

ఒక్క మెట్టు మీద మాత్రమే స్వరము చచ్చుట మఱియొక కథ. సన్నతీగ మీద ఐదవ మెట్టు మొదలు ఏడవ మెట్టు వఱకు గల తావున ఇది తఱచుగా కనబడును. వెల పెట్టి కొన్న గిటారులకును తప్పదు. దండికి తనదైన ఊపు ఒకటి యున్నది. స్వరము ఆ ఊపుతో కలిసినప్పుడు తీగ బలమును దండి త్రాగివేయును. దీనిని నిర్ధారించుటకు బిరడల తల మీద వడ్రంగి వాడు చిన్న బిగింపును బట్ట చుట్టి బిగించి చూడుడు. చచ్చిన స్వరము మాఱినచో, లేదా ప్రక్క మెట్టుకు జరిగినచో, దోషము దండిదే. ఇది స్వభావము, దీనికి పూర్తి మందు లేదు. ఆ స్వరమును వేఱొక తీగమీద పట్టుమని పిల్లవానికి చెప్పుటయే మేలు. బిగించినను మాఱనిచో ప్రక్క మెట్టు లేచియున్నదేమో చూపింపుడు.

వాద్యములో ఏ దోషమును లేకున్నను లావు తీగ వినబడలేదను ఫిర్యాదు వచ్చుట కలదు. బేసు గిటారు లావు తీగ సెకనుకు సుమారు 41 సారులు కంపించును. తక్కినవి వరుసగా 55, 73, 98. 1933లో అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులిద్దఱు మనుష్యుని చెవిని పరీక్షించి, మందస్వరములకు చెవి చుఱుకు తక్కువయనియు, ధ్వని మెల్లగా నున్నకొలది ఆ లోపము హెచ్చుననియు కొలతలతో చూపిరి. ఇంటిలో మెల్లగా సాధన చేయునప్పుడు లావు తీగ నీరసముగా తోచుట అందువలన సహజము. దానిని చూచి పికప్పును లేపినచో, ఉత్సవమునాడు మర హెచ్చించినప్పుడు ఆ తీగయే పందిరిని ఊపును. కాబట్టి సభలో ఎంత ధ్వనితో వాయింతురో అంత ధ్వనితోనే సరిచూడవలెను. అరచేతిలో ఇముడు స్పీకరులో సరిచూచుట వ్యర్థము. 41 కంపనములను అది పలుకనే పలుకదు. ఫోనులో రికార్డు చేసి, ఆ ఫోనులోనే విని తీర్పు చెప్పుటయు అట్టిదే.

గదియు మోసము చేయును. లావు తీగ ధ్వని తరంగము గాలిలో ఎనిమిది మీటర్లకు పైగా పొడవుండును. అది గోడలకు తగిలి మరలి వచ్చి, ఒకచోట తనకు తాను తోడగును, ఒకచోట తనను తాను మ్రింగును. గోడమూల కూర్చున్న పెద్దమనిషి ఆ తీగ చెవులు చిల్లులు పొడుచుచున్నదనును. గది నడుమ కూర్చున్నవాడు అది వినబడనే లేదనును. ఇద్దఱును సత్యమే చెప్పుచున్నారు. చోట్లు మార్చుకొన్నచో అభిప్రాయములును మాఱును. పికప్పు జోలికి పోకముందు స్పీకరును గోడమూలనుండి రెండడుగులు జరిపి చూడుడు.

ఇన్ని చూచిన తరువాత కూడ తేడా మిగిలినచో అప్పుడు చేతిని చూడవచ్చును. లావు తీగను కదలించుటకు ఎక్కువ బలము కావలెను. సన్నదానికి తక్కువ చాలును. నేర్చుకొను పిల్లవాడు అన్నిటిని ఒకే బలముతో మీటును, లేదా సన్నతీగకు పోవునప్పుడు చేయి గుఱ్ఱమువైపు జరుపును. గుఱ్ఱమునకు దగ్గఱగా మీటినకొలది నాదము పలుచనగును. చేయి ఒకే చోట నిలుపుటకు పికప్పు అంచుమీద బొటనవ్రేలిని ఆనించుమని చెప్పుడు. రెండు మూడు వారములలో అలవాటు పడును. కంప్రెసరను యంత్రమును కొనుమని కొందఱు సలహా చెప్పుదురు. అది గట్టి స్వరములను అణచి, మెల్లని వానిని పైకి తెచ్చును. పేరున్న వాద్యగాండ్రును దానిని వాడుదురు. కాని పికప్పు దిగబడిన వాద్యమునకు దానిని తగిలించుట, పునాది క్రుంగిన గోడకు సున్నము వేయుటవంటిది.

మీకై మీరు తేల్చుకొనలేక మా బోటివారి యొద్దకు తెచ్చునప్పుడు వాద్యము నొక్కదానినే తేకుడు. మీరు వాడు వైరును, చేతనైనచో ఆంప్లిఫయరును, తీసివేసిన పాత తీగలను కూడ తెండు. ఏ తీగ, ఏ మెట్టు, ఏనాటినుండి యని ఒక కాగితము మీద వ్రాసి తెండు. వాయించు పిల్లవానిని తప్పక వెంటబెట్టుకొని రండు. అతని చేతిలో వాద్యమెట్లు పలుకుచున్నదో మేము వినవలెను.